ప్రతులు దిద్దిన దొర

బడిపిల్లల వ్రాతపుస్తకములు దిద్దు ఉపాధ్యాయునకు ఒక సౌకర్యము కలదు. సందేహము కలిగినచో వ్రాసిన పిల్లవానినే పిలిచి అడుగవచ్చును. కవి గతించి వందల ఏండ్లయిన గ్రంథమును దిద్దువానికి ఆ సౌకర్యము లేదు. ఎదుటనున్నది లేఖకుని వ్రాత మాత్రమే. అందు కవి మాట ఏది, లేఖకుని పొరపాటు ఏది అని తేల్చుట ఎట్లు? ఉద్యోగము చేసికొనుచు, తీరిక వేళలలో, సొంత డబ్బు వెచ్చించి ఈ విద్యను సాధించిన వాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి మరణించగా కుటుంబము ఇంగ్లండు చేరెను. అచట హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు వలసిన చదువు ముగించి, 1817 ఆగస్టులో బ్రౌను చెన్నపట్టణమున దిగెను. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చి, పరీక్షలో నెగ్గి, 1820లో కడప కలెక్టరునకు సహాయకుడుగా వెళ్ళెను.

కచేరీలో రైతుల విన్నపములు వినుటకు ఆ తెలుగు చాలెను. గ్రంథములు చదువబోగా చాలలేదు. 1824లో మచిలీపట్నమున నుండగా, ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి వ్రాసిన పుస్తకములో వేమనను గూర్చిన ప్రస్తావన ఆయన కంటబడెను. వెంటనే వేమన పద్యముల ప్రతులు సేకరింప మొదలిడెను. ప్రతులు చేరిన కొలది చిక్కులు పెరిగినవి. ఒకదానిలోని పద్యము మరొక దానిలో లేదు. రెంటిలోను ఉన్న పద్యము ఒకే తీరున లేదు.

తాటాకు ప్రతి చూచినవారికి ఈ చిక్కు తెలియును. గంటముతో గీసిన అక్షరములు ఒకదాని వెంట ఒకటి సాగిపోవును. మాటకు మాటకు నడుమ ఎడముండదు. ఒత్తులు జారిపోవును. పకారము వకారమువలె తోచును. అలసిన లేఖకుడు ఒక పాదము విడిచి ముందునకు పోవుటయు కలదు.

అందుచేత బ్రౌను మొదట ఛందస్సును పట్టుదలతో అభ్యసించెను. తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరించుచు ఆంగ్లమున ఆయన వ్రాసిన గ్రంథము 1827లో అచ్చయ్యెను. దిద్దువానికి ఛందస్సు త్రాసు వంటిది. ఆటవెలదికి ప్రాసనియమము లేదు. గణములు మాత్రము కూడవలెను, యతి గాని ప్రాసయతి గాని కుదురవలెను. అవి తప్పిన చోట ఏదో అక్షరము జారినదనియో, మాట మారినదనియో తెలిసిపోవును.

కాని ఆ త్రాసు తప్పు ఉన్నచోటును చూపునే గాని ఒప్పును చెప్పదు. ఛందస్సు తెలిసిన పండితుడు వెలితిని తన మాటతోనే పూరింపగలడు. గణము కుదురును, యతి కుదురును, పద్యము నున్ననగును. అయినను అది వేమన పద్యము కాదు, పండితుని పద్యము. వేమనది జనుల నోట మెలగు తెలుగు. వ్యాకరణము పేర దానిని చెక్కినచో మిగులునది వేమన కాదు.

ఈ అపాయమునకు బ్రౌను కనుగొన్న మందు ఒక్కటే: మరికొన్ని ప్రతులు చూచుట. మరల కడపకు వచ్చిన పిమ్మట అచట తోటతో కూడిన బంగళా కొని, పండితులను లేఖకులను జీతములిచ్చి నియమించెను. ఒక ప్రతిని కాగితముపై ఎత్తి వ్రాయించి, తక్కిన ప్రతులతో పోల్చి పాఠభేదములు గుర్తింపజేసి, పండితులతో చర్చించి పాఠము నిర్ణయించుట ఆయన పద్ధతి. తరువాతి కాలమున జూలూరి అప్పయ్య వంటి విద్వాంసులు ఈ పనిలో ఆయనకు తోడ్పడిరి. జీతము చాలక బ్రౌను అప్పులు కూడ చేసెను.

1829లో 693 వేమన పద్యములు ఆంగ్లానువాదముతో వెలువడినవి. పని ముగిసినదని ఆయన తలపలేదు. ప్రతుల వెదకులాట సాగుచునే యుండెను. 1839లో వచ్చిన రెండవ కూర్పులో పద్యములు 1164 అయ్యెను.

ఈ పదేండ్లు సుఖముగా గడచినవి కావు. 1833లో గుంటూరు సీమను క్షామము పీడించినప్పుడు బ్రౌను అచట ఉద్యోగి. పై అధికారులు కొరత అను మెత్తని మాట కోరగా, ఆయన ప్రభుత్వమునకు క్షామమనియే వ్రాసెను. కవిత్వమున గాని కాగితమున గాని ఉన్న మాటను ఉన్నట్లు నిలుపుట ఆయనకు అలవాటయ్యెను. 1834లో ఉద్యోగము పోయినది. ఇంగ్లండు వెళ్ళియు ఊరకుండలేదు. కంపెనీ గ్రంథాలయమున పడియున్న రెండువేలకు పైబడిన దక్షిణదేశపు వ్రాతప్రతులను గుర్తించి, అవి చెన్నపట్టణము చేరునట్లు చేసెను.

తిరిగి వచ్చిన పిదప 1840లో తెలుగు వ్యాకరణము, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించెను. ఆయనయందు లోపములు లేకపోలేదు. అరసున్నను, బండిరాను ఆయన లెక్కచేయలేదని పండితులు ఆక్షేపించిరి. పద్యభాషకు సంబంధించినంత వరకు ఆ ఆక్షేపణలో న్యాయము కలదు. దిద్దువాడు ఏది అనవసరమని త్రోసివేయునో, దానిని వెదకు చదువరి రేపు రావచ్చును.

1855లో బ్రౌను ఇండియా విడిచి వెళ్ళెను. లండనులో తెలుగు ఆచార్యుడుగా కొంతకాలము పనిచేసి, 1884 డిసెంబరు 12న కన్నుమూసెను. ఆయన సేకరించిన ప్రతులు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరినవి. కడపలో ఆయన బంగళా ఉండిన చోట నేడు ఆయన పేర గ్రంథాలయము కలదు.

నేడు ఇంట కూర్చుండి ప్రచురణకర్తల ప్రతులు దిద్ది జీవించు యువకులు కొందరున్నారు. వారి ఎదుట తాటాకులు లేవు; వ్రాసినవారు తరచుగా బ్రతికియే యున్నారు. అయినను చేతిలోని కలము అదే, దానికి కలుగు దురాశయు అదే: బాగుగా లేదని తోచిన చోటనెల్ల తన మాట పెట్టవలెనని. అట్టి వేళ బ్రౌను చేసిన పని చేయుట మేలు. ముందు నేర్చుకొనవలెను, పిదప పోల్చి చూడవలెను, తెలిసినవారిని అడుగవలెను. కలము కదలించుట అన్నిటికన్న చివరి పని.