కొండమీది మరియా సబీనా

కొడైకెనాల్ ట్రిప్ అనగానే హాస్టల్లో ఎవరో ఒకరు మ్యాజిక్ మష్రూమ్స్ మాట ఎత్తుతారు. మిగతావాళ్ళు నవ్వుతారు. ఆ మాట ప్రపంచమంతా పాకడం వెనక ఒక ముసలమ్మ జీవితం ఉంది. ఆమె పేరు మరియా సబీనా. ఆమె గురించి చదివాక ఆ జోకు నాకు నవ్వు తెప్పించడం మానేసింది.

మెక్సికో దేశం దక్షిణాన వహాకా రాష్ట్రం ఉంది. అక్కడి కొండల్లో హువాట్ల దె హిమెనెస్ అనే ఊరు. 1894లో ఆ ఊరి దగ్గరే ఆమె పుట్టింది. మాసాతెక్ అనే ఆదివాసీ తెగ వాళ్ళది. ఆమెకు వచ్చింది ఆ ఒక్క భాషే. స్పానిష్ రాదు, చదవడం రాయడం అసలే రాదు. పసితనంలోనే తండ్రి పోయాడు. తల్లి ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని పుట్టింటికి చేరింది. ఆ ఇంట్లోనూ పేదరికమే. పిల్లలిద్దరూ పశువుల్ని కాస్తూ కొండల్లో తిరిగేవాళ్ళు. ఒకసారి వాళ్ళ మామయ్యకు జబ్బు చేస్తే ఒక వైద్యుడు పుట్టగొడుగులతో నయం చేయడం ఆమె చూసింది. తర్వాత కొండల్లో అవే కనిపిస్తే అక్కాచెల్లెళ్ళు కోసుకు తిన్నారు. అందులో సగం ఆకలి కూడా ఉంది.

మా వెలిగండ్ల వైపు వానలు తక్కువ. కానీ ఉరుములతో నాలుగు చినుకులు గట్టిగా పడితే చాలు, పుట్టల దగ్గర గొడుగులు లేస్తాయి. పేరులోనే ఉంది కదా, పుట్ట మీద గొడుగు. చెదపురుగులు పుట్ట లోపల పెంచుకునే బూజు నుంచే ఇవి పైకి వస్తాయి. ఏది కూరకు పనికొస్తుందో, ఏది కుక్కగొడుగో మా నాయనమ్మ చూడగానే చెప్పేస్తుంది. ఏ పుట్ట దగ్గర దొరికిందో మాత్రం పక్కింటివాళ్ళకి కూడా చెప్పదు. మనవి కూర కోసం. మాసాతెక్ వాళ్ళు ఏరేవి మాత్రం మనసు మీద పనిచేసేవి.

అవి కూడా వానాకాలంలోనే వస్తాయి. ఒక రకం కొండచరియలు విరిగిపడిన మట్టిలో మొలుస్తుంది, దాని స్పానిష్ పేరుకి అర్థం కూడా అదే. ఇంకో రకం చిన్నది, గడ్డి నేలల్లో ఉంటుంది, దాన్ని చిన్న పిట్టలు అంటారు. మూడోది పశువుల పేడ మీద వస్తుంది. ఆ పశువుల్ని తెచ్చింది స్పెయిన్ వాళ్ళు. పుట్టగొడుగుల పూజల్ని అణచింది కూడా వాళ్ళ చర్చే. అందుకే ఈ విద్య కొండల్లో దాక్కుని బతికింది.

మరియా సబీనాకి పద్నాలుగేళ్ళకే పెళ్ళయింది. మొదటి భర్త జబ్బుతో పోయాడు. రెండో భర్త తాగి కొట్టేవాడు, అతనూ హత్యకు గురయ్యాడు. ఆ తర్వాతే ఆమె పూర్తిగా వైద్యంలోకి వచ్చింది. రాత్రిపూట చీకట్లో కూర్చుని, పుట్టగొడుగులు తిని, తెల్లారేదాకా పాడేది. ఆ పాటల్ని ఇవాళ గొప్ప కవిత్వం అంటున్నారు. ఆమెకి మాత్రం అది జబ్బుపడ్డవాళ్ళ కోసం చేసే పని. సరదా కోసం ఎవరూ తినరు. ఆ పుట్టగొడుగుల్ని పవిత్రమైన పిల్లలు అని పిలిచేవాళ్ళు.

1955 జూన్ చివర్లో గోర్డన్ వాసన్ అనే అమెరికన్ ఆ ఊరికి వచ్చాడు. ఆయన జె.పి. మోర్గాన్ బ్యాంకులో వైస్ ప్రెసిడెంట్. ఊరి అధికారి ఒకాయన వెళ్ళి ఆమెని అడిగాడు. అధికారి అడిగాక కాదనలేకపోయానని ఆమె తర్వాత చెప్పుకుంది. ఆ రాత్రి పూజలో వాసన్ కూడా పుట్టగొడుగులు తిన్నాడు. 1957 మే నెలలో లైఫ్ పత్రికలో ఫొటోలతో పెద్ద వ్యాసం రాశాడు. ఆమె పేరు మార్చి రాశాడు నిజమే. కానీ జనం ఎలాగూ కనుక్కున్నారు.

1958లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ స్విట్జర్లాండ్ ల్యాబ్‌లో ఆ పుట్టగొడుగుల నుంచి సైలోసైబిన్‌ని వేరుచేశాడు. 1962లో మాత్రలు పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చాడు. ఆమె వేసుకుని చూసి, ఇవీ అలాగే పనిచేస్తున్నాయని ఒప్పుకుంది. సైన్స్ వచ్చి తన రిజల్ట్‌ని ఒక ముసలమ్మ చేత వెరిఫై చేయించుకుంది!

తర్వాత హిప్పీలు గుంపులుగా దిగారు. వాళ్ళకి ఏ జబ్బూ లేదు, కొత్త అనుభవం కావాలి అంతే. ఊరివాళ్ళ కోపమంతా ఆమె మీద పడింది. ఆమె ఇల్లు తగలబెట్టారు. పోలీసులు ప్రశ్నించారు. 1969లో సైన్యం వచ్చి ఊరికి వెళ్ళే దారిని మూసేసింది. బయటివాళ్ళు వచ్చాక ఆ పవిత్రమైన పిల్లల శక్తే పోయిందని ఆమె బాధపడింది. తాను చేసిన పని ఆ ఊరికి ఏం తెచ్చిపెట్టిందో చూసి వాసన్ కూడా తర్వాత నొచ్చుకున్నాడు.

1985 నవంబర్ 22న ఆమె పేదరికంలోనే చనిపోయింది. అంతకు ఎనిమిది రోజుల ముందే మన దేశంలో ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చింది. సైలోసైబిన్ కూడా ఆ నిషేధాల జాబితాలో ఉంది. కాబట్టి కొడైకెనాల్ ప్లాన్ వేసేవాళ్ళు ఆలోచించుకోండి. వీటిలాగే కనిపించే వాటిలో కాలేయాన్ని పాడుచేసేవి కూడా ఉన్నాయి. ఇంకోవైపు 2018లో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ, డిప్రెషన్ వైద్యంలో సైలోసైబిన్‌ పరిశోధనకి ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. అంటే ఆమె చేసిన పని జబ్బుపడ్డవాళ్ళ దగ్గరికే తిరిగి వస్తోంది, కాకపోతే డాక్టర్ల చేతుల్లో.

మనం ఎవరి కోడ్ వాడుకున్నా లైసెన్స్ చదువుతాం, పేరు రాస్తాం. ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర తీసుకున్నదానికి లైసెన్స్ ఫైల్ ఉండదు. అక్కడ ఉండేది వాళ్ళ మాటే. అందుకే అడగడం ఒక్కటే సరిపోదు, వాళ్ళు కాదనగలిగేలా అడగాలి. మా మినీ ప్రాజెక్ట్‌కి ఊళ్ళో పుట్టగొడుగుల ఫొటోలు పోగుచేస్తుంటే నాయనమ్మ ఫొటోలకి సరే అంది, చోటు మాత్రం వద్దంది. మా డేటాసెట్‌లో లొకేషన్ కాలమ్ ఖాళీగానే ఉంది. అలాగే ఉంటుంది.