సైనికుల గ్రంథము, బాలుర పాఠము

రాబర్ట్ బేడెన్ పవెల్ 1899లో ‘ఎయిడ్స్ టు స్కౌటింగ్’ అను చిన్న గ్రంథమును సైనికులకై ప్రకటించెను. మఫెకింగు ముట్టడిని 217 దినములు ఎదుర్కొని ప్రఖ్యాతుడై, 1903లో స్వదేశమగు ఇంగ్లండు చేరునప్పటికి దానిని బాలురు చదువుచుండిరి, ఉపాధ్యాయులు బోధించుచుండిరి. యుద్ధభూమికై వ్రాసినది పసివారి కెట్లు తగును? బాయిస్ బ్రిగేడ్ స్థాపకుడు విలియం స్మిత్, దానిని బాలురకై తిరిగి వ్రాయుమని కోరెను.

పవెల్ తొందరపడలేదు. 1907 ఆగస్టులో బ్రౌన్సీ దీవియందు గుడారములు వేయించి, సంపన్నుల బిడ్డలను, శ్రామికుల బిడ్డలను సుమారు 20 మందిని ఒక్కచోట కలిపి, తన పాఠములను పరీక్షించెను. జాడలు తీయుట నిలిచినది. శత్రువు వెనుకకు తగ్గెను. దినమున కొక ఉపకారము చేరినది. సామ్రాజ్యభక్తి మాత్రము పోలేదు. 1908 జనవరి మొదలు ఆరు భాగములుగా వెలువడిన ‘స్కౌటింగ్ ఫర్ బాయిస్’ను చదివి, బాలురు ఎవరి అనుమతికిని వేచియుండక తామే దళములు కట్టిరి.

మన దేశమున తొలుత ఆ దళములలో భారతీయ బాలురకు చోటు లేదు. అనీబిసెంటు మదరాసులో వేరు సంఘము నెలకొల్పెను. 1921లో పవెల్ ఇచటికి వచ్చినపుడు అది ఆయన సంస్థలో కలిసెను.

1941లో కెన్యాలోని న్యేరీలో ఆయన మరణించెను. సమాధిపై నడుమ చుక్కగల వలయము కలదు. జాడల భాషలో దాని కర్థము ఇల్లు చేరితినని.