ముగ్గు లెక్కతో స్ఫటికాల గుట్టు చెప్పిన సూరి భగవంతం

బెంగళూరులో టాటా ఇన్‌స్టిట్యూట్ అంటే మనవాళ్లలో తెలియనివారు ఉండరు. 1957 నుంచి 1962 దాకా ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసింది ఒక తెలుగువాడని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆయనే ఆచార్య సూరి భగవంతం గారు.

ఆయన 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధనలో చేరారు. రామన్ ఎఫెక్టు బయటపడిన సంవత్సరం అదే. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపన్యాసకులుగా వచ్చి, ముప్పై ఏళ్లు నిండకుండానే ఆచార్యులయ్యారు.

ఆయన ఎంచుకున్న విషయం స్ఫటికాల సౌష్ఠవం. పేరు చూసి భయపడనక్కర లేదు, మన ఇంటి ముందు ముగ్గు చాలు. నాలుగు మూలలూ ఒకేలా ఉన్న ముగ్గును పావు వంతు తిప్పి చూసినా అలాగే కనిపిస్తుంది. స్ఫటికంలో అణువుల అమరికా అంతే. అలా తిప్పి చూసే పద్ధతులను బట్టి స్ఫటికాలన్నీ 32 వర్గాలు. ఒక స్ఫటికం ఏ వర్గానిదో తెలిస్తే, ఏ గుణం దానికి ఉండవచ్చో, ఏది ఎన్నటికీ ఉండదో కాగితం మీదే తేల్చవచ్చు. దానికి వాడే గణితం పేరు గ్రూపు సిద్ధాంతం.

ఒత్తిడి పెడితే స్ఫటికంలో కాంతి నడక ఎలా మారుతుందో జర్మనీకి చెందిన పాకెల్స్ పందొమ్మిదో శతాబ్దంలోనే పట్టిక వేశారు. దాన్ని అందరూ అలాగే వాడుకుంటూ వచ్చారు. కొన్ని వర్గాల విషయంలో ఆ పట్టిక సరికాదని 1942లో భగవంతం గారు లెక్కకట్టి చూపారు. తర్వాత చేసిన ప్రయోగాలూ ఆయన మాటనే నిలబెట్టాయి. గణితజ్ఞుడు వెంకటరాయుడు గారితో కలిసి ఆయన రాసిన గ్రూపు సిద్ధాంత గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తే అచ్చువేసింది.

ఆపైన అన్నీ పెద్ద పదవులే. ఉస్మానియా ఉపకులపతి, బెంగళూరు డైరెక్టరు, 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. నాలాంటి గుమాస్తాకు ఫైళ్ల బరువు తెలుసు. ఒకసారి వాటిలో పడితే ఇష్టమైన చదువు మూలన పడుతుంది. ఆయన మాత్రం ఆ పదవిలో ఉండగానే, 1966లో స్ఫటిక సౌష్ఠవం మీద మరో గ్రంథం వెలువరించారు.

ఆ రోజుల్లో ఆయన దృష్టి అయస్కాంత స్ఫటికాల మీద. ముగ్గులో చుక్కలకు రెండు రంగులు వేశామనుకోండి. తిప్పితే గీతలు కలుస్తాయి, రంగులు తారుమారవుతాయి. అణువుల అయస్కాంత దిశలూ అంతే. ఆ తారుమారును కూడా లెక్కలోకి తీసుకుంటే 32 వర్గాలు 122 అవుతాయి. ఈ విభజన రష్యాలో షుబ్నికోవ్ వేసిన దారి. ఏ వర్గానికి ఏ గుణాలు పొసగుతాయన్న లెక్కను భగవంతం గారూ, ఆయన శిష్యులూ చేశారు.

ఈనాడు శాస్త్రజ్ఞులు అయస్కాంత గుణమున్న అర్ధవాహకాల కోసం, లోపల కరెంటు పారకుండా పైపొరలో మాత్రమే పారే టోపోలాజికల్ పదార్థాల కోసం, నిరోధం లేకుండా కరెంటును మోసే అతివాహకాల కోసం వెతుకుతున్నారు. వేల స్ఫటికాలను కంప్యూటరులో జల్లెడ పట్టేటప్పుడు వాళ్లు చూసేది ఈ సౌష్ఠవాన్నే. ఆ కొత్త పదార్థాలను భగవంతం గారు కనిపెట్టలేదు. కానీ ఏ స్ఫటికంలో ఏమి వెతకాలో ముందే చెప్పే ఈ విద్యను మన దేశంలో పాదుకొల్పిన పెద్దల్లో ఆయన ఒకరు.

1989లో ఆయన కన్నుమూశారు. ఖరీదైన యంత్రాలుంటేనే సైన్సు అనుకుని వెనకాడే పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. వాల్తేరులో కాగితమూ కలమూ పట్టుకుని జర్మనీ పట్టికను దిద్దిన ఈ పెద్దాయన సంగతి వాళ్లకు చెప్పండి. అక్టోబరు 14న ప్రతి తెలుగు సంఘమూ ఆయనను ఒక్కసారి తలుచుకుంటే బాగుంటుందని నా మనవి.