గణితకవి పావులూరి మల్లన

నన్నయభట్టారకుని ఎఱుగని ఆంధ్రుడుండడు. లెక్కలను తెనుగు పద్యములలో పొదిగి, మన భాషలో శాస్త్రరచనకు బాట వేసిన పావులూరి మల్లన మాత్రము కొలదిమందికే పరిచితుడు. ఈ మహనీయుని వంశము కమ్మనాటి పావులూరిది. 11వ శతాబ్దిలో వేంగీదేశము నేలిన రాజరాజనరేంద్రుడు పిఠాపురము చెంతనున్న నవఖండవాడను ఈ వంశమునకు దానమొసగెను.

అంతకు రెండువందల యేండ్లకు పూర్వము, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. ఆచార్యుడు జైనుడు, మల్లన శైవుడు. ఐనను విద్యకు మతభేదము అడ్డుగాదని తలచి, మల్లన ఆ గ్రంథమును తెనుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగువారికి తగిన ఉదాహరణములను తాను కూర్చెను.

మల్లన పేర ప్రసిద్ధమైన పద్యమొకటి చదరంగపు లెక్కను చెప్పును. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు 64 గళ్లకు రెట్టింపుచు పోయినచో మొత్తమెంత? 18446744073709551615. ఇరువది అంకెల ఈ సంఖ్యను ఆ కవి ఒక్క పద్యమున బంధించెను. చంద్రుడనిన 1, వేదములనిన 4, శరములనిన 5, గగనమనిన సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమవైపునకు వరుసగా అంకెలను వ్రాసికొనవలెను. ఒక్క పదము తప్పినను లెక్క యంతయు చెడును.

చదువరులు దీనిని సులభముగ సరిచూచుకొనవచ్చును. మూడు గళ్ల మొత్తము 7, నాలుగవ గడిలోనివి 8. ఎన్ని గళ్లవఱకు కూడినను మొత్తము తరువాతి గడికంటె ఒకటి తక్కువ. కావున 64 గళ్లను కూడ నక్కఱలేదు. రెండును వర్గించిన 4, దానిని వర్గించిన 16, పిదప 256, 65536, 4294967296. ఆఱవమారు వర్గించి ఒకటి తీసివేసిన మల్లన సంఖ్యయే వచ్చును. మఱియొక వింత గలదు. 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆఱింటిని గుణించినను లబ్ధమిదియే. వీనిలో కడపటిది 641, 6700417 అనువాని గుణకారఫలమని 1732లో ఆయిలరు పండితుడు కనుగొనెను.

మన బేగంపేట ప్రక్కనున్న అమీర్‌పేటలో కంప్యూటరు విద్య నేర్చు యువకులకు ఈ సంఖ్య క్రొత్తది గాదు. ఆ యంత్రము 0, 1 అను రెండంకెలతోనే లెక్కించును. 64 స్థానములును 1తో నిండినప్పుడు ఏర్పడు సంఖ్య ఇదియే. చదరంగమునకును 64 గళ్లే గదా! ఐనను ఆ యువకులలో మల్లన పేరు విన్నవారెందఱు?

పెద్ద సంఖ్యను చూచి అసంఖ్యాకమని చేతులు జోడించి ఊరకుండుట సులభము. మల్లన అట్లు చేయలేదు. కడపటి ఒక్క గింజనుగూడ విడువక లెక్కించి చెప్పెను. అంతటి సత్యనిష్ఠ గల బుద్ధికే అనంతుడగు పరమేశ్వరుని మహిమ కొంతయైన గోచరించును. ఇంటింట పిల్లలకు ఈ కవి పేరును, ఈ లెక్కను నేర్పుట మన విధి.