కుక్కర్ వెయిటు వెనుక ఓ డాక్టరుగారు

కుక్కర్ లేని వంటిల్లు మన ఊళ్లలో ఇప్పుడు అరుదే. కందిపప్పు దగ్గర్నుంచి మాంసం కూర దాకా అన్నీ అందులోనే. మరి మూత మీద ఎగిరెగిరి పడే ఆ బుల్లి బరువు ఎవరి ఆలోచనో మనలో ఎందరికి తెలుసు? ఆయన పేరు డెనిస్ పాపిన్. ఆయన జీవితం చదివాక నాకు గౌరవమూ కలిగింది, జాలీ వేసింది.

పాపిన్ 1647లో ఫ్రాన్స్‌లోని బ్లువా పట్టణం దగ్గర ఓ పల్లెలో పుట్టాడు. వైద్యం చదివి 1669లో పట్టా పుచ్చుకున్నాడు. కానీ మనసంతా యంత్రాల మీదే! పారిస్‌లో హైగెన్స్ దగ్గర, ఆ తర్వాత 1675లో లండన్ వెళ్లి రాబర్ట్ బాయిల్ దగ్గర గాలి పంపులతో ప్రయోగాలు చేశాడు.

1679లో మూత గట్టిగా బిగించిన ఓ ఇనుప పాత్రను రాయల్ సొసైటీ పెద్దలకు చూపించాడు. ఆవిరి బయటికి పోకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక, అంతకన్నా ఎక్కువ వేడి దగ్గర మరుగుతాయి. మన కుక్కర్లో అయితే అది సుమారు 120 డిగ్రీలు. అందుకే ముదురు మాంసం, ఎముకలు కూడా మెత్తబడిపోతాయి. తక్కువ బొగ్గుతో పేదవాళ్లకు బలమైన తిండి పెట్టొచ్చని పాపిన్ ఆశ. 1682లో ఆ పాత్రల్లోనే వండి సొసైటీ సభ్యులకు విందు చేశాడు కూడా.

అంతా బాగానే ఉంది గానీ, ఒత్తిడి హద్దు దాటితే? పాత్ర బాంబులా పేలుతుంది! అందుకు పాపిన్ చేసిన ఉపాయం చూడండి. మూతకు సన్నని రంధ్రం, దాని మీద చిన్న మూత, ఆ మూతను అదిమి పట్టే ఓ కడ్డీ. కడ్డీ ఓ చివర కదలకుండా బిగించి, రెండో చివర బరువు వేలాడదీశాడు. లోపలి ఆవిరి ఆ బరువును మించితే మూత తనంతట తానే లేస్తుంది. ఆవిరి కాస్త పోగానే మళ్లీ కూర్చుంటుంది. బరువును ముందుకో వెనక్కో జరిపితే హద్దు మారుతుంది. ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. అదే సేఫ్టీ వాల్వ్! ఇవాళ ఫ్యాక్టరీల బాయిలర్లకూ, ఆవిరి గొట్టాలకూ రక్ష అదే. బరువుకు బదులు చాలాచోట్ల స్ప్రింగు వచ్చింది, అంతే తేడా.

ఇంత మేలు చేసినవాడికి సుఖం దక్కిందా అంటే, లేదు. పాపిన్ ప్రొటెస్టెంటు. 1685లో ఫ్రాన్స్ రాజు ఆ మతస్థుల హక్కులు తీసేయడంతో సొంత ఊరికి దారి మూసుకుపోయింది. జర్మనీలో పాఠాలు చెప్పుకుంటూ, 1690లో ఆవిరితో పిస్టన్ కదిలించే పద్ధతి రాశాడు. 1707లో చేత్తో తిప్పే చక్రాల పడవ కట్టుకుని ఇంగ్లండుకు బయల్దేరితే, దారిలో పడవవాళ్ల సంఘం దాన్ని ముక్కలు చేసింది. లండన్ చేరినా పాత స్నేహితులు లేరు, చేసిన పనికి డబ్బూ రాలేదు. 1712 జనవరి తర్వాత ఆయన రాసిన ఉత్తరం ఒక్కటీ దొరకలేదు. అదే ఏడు ఇంగ్లండులో న్యూకోమెన్ పిస్టన్ ఇంజన్ గనుల్లో నీళ్లు తోడటం మొదలుపెట్టింది. మరుసటేడు, 1713లో, పాపిన్‌ను లండన్‌లోనే పాతిపెట్టారు.

అందుకే అక్కచెల్లెళ్లకు నాదో మాట. మూత పెట్టేముందు వెయిటు కింది రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. పప్పు పొట్టు అడ్డుపడితే ఆవిరికి దారుండదు. విజిల్ రావడం లేదని వెయిటు మీద ఏ బరువూ పెట్టకండి. సేఫ్టీ ప్లగ్ పాడైతే ఆ కుక్కర్‌కు సరిపడేదే వేయించండి. ఆ డాక్టరుగారు మన ప్రాణాలకు పెట్టిన కాపలా అది. దాన్ని దాని పని చేసుకోనిద్దాం.