రుడాల్ఫ్ బుల్ట్‌మన్‌గారు
ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 1:9–12

కోయ పెద్దలు తమ జాతి భీమునినుండి కలిగినదని చెప్పుట మన బూర్గంపాడు ప్రాంతమున వినుచుందుము. చదువుకొన్న పిల్లవాడు అది నిజముగా జరిగినదా అని అడుగును. పెద్దలైతే ఆ కథలో తమ బలమును, తమ గౌరవమును చెప్పుకొందురు. మన పిల్లలు పరిశుద్ధ గ్రంథమునుగూర్చియు ఇట్లే అడుగుదురు: ప్రభువు మేఘములలోనికి వెళ్లినయెడల ఇప్పుడు ఆకాశమున ఎక్కడ నున్నాడు? ఈ ప్రశ్నతో పెనగులాడిన యొక జర్మను పండితుని జీవితమును తలంచుకొందము.

బుల్ట్‌మన్‌గారు 1884 ఆగస్టు 20న జర్మనీలోని వీఫెల్‌స్టెడె గ్రామమున, లూథరన్ పాదిరిగారి యింట జన్మించిరి. వారి తాతగారు ఆఫ్రికాలో మిషనెరీ. 1921 మొదలు 1951 వరకు మార్బుర్గు విశ్వవిద్యాలయములో క్రొత్త నిబంధన బోధించిరి. 1933లో హిట్లరు పక్షపు సంఘ నాయకులు యూద వంశమున పుట్టిన పాదిరులను తొలగింపజూచినప్పుడు వారిని ఎదిరించి నిలిచిరి.

1941లో, యుద్ధకాలమున, ఆల్పిర్స్‌బాఖ్ అను ఊరిలో ఒక ప్రసంగము చేసిరి. పైన పరలోకము, నడుమ భూమి, క్రింద పాతాళము అని లోకమును మూడంతస్తులుగా చూచుట ప్రాచీనుల వాడుక. విద్యుద్దీపము వెలిగించి రేడియో వినువారు అట్లు తలంచజాలరని చెప్పిరి. అయితే ఆ మాటలను కొట్టివేయకూడదు, వాటి భావమును వెదకవలెననిరి. మన బ్రదుకు మన చేతిలో లేదనియు, దేవుడు తన వాక్యముచేత నేడే మనలను పిలుచుచున్నాడనియు, మనము తీర్మానము చేసికొనవలెననియు అవి తెలుపుచున్నవని బోధించిరి.

సంఘములలో గొప్ప కలత పుట్టెను. పునరుత్థానము శిష్యుల విశ్వాసములో మాత్రమే జరిగినట్లు ఈయన చెప్పుచున్నారని అనేకులు భయపడిరి. కార్ల్ బార్ట్‌గారు 1952లో ఆయన బోధను విమర్శించుచు వ్రాసిరి. ఆ భయము ఊరక కలిగినది కాదు. ప్రభువు నిజముగా లేవనియెడల, బిడ్డను పాతిపెట్టిన తల్లికి మనమేమి చెప్పగలము? ఇందులో మేము బుల్ట్‌మన్‌గారి వెంట పోజాలము. అయినను వారు అడిగిన ప్రశ్నను తప్పించుకొనజాలము. వారు 1976 జూలై 30న, 91 యేండ్ల ప్రాయమున, మార్బుర్గులో నిద్రించిరి.

ఆకాశమువైపు చూచుచున్న శిష్యులు ఆ కొండమీదనే నిలిచిపోలేదు; యెరూషలేమునకు తిరిగివచ్చి ప్రార్థనలో కూడిరి. ప్రభువు తండ్రి కుడిపార్శ్వమున నున్నాడనగా ఆయన ఏలుచున్నాడని యర్థము. మన యింటిని, మన అప్పుల లెక్కను, పొరుగువానితో మన గట్టు తగాదాను ఏలుచున్నది ఆయనయేనా? పిల్లవాడు అడిగినప్పుడు గద్దింపక, ముందు మనమే దీనికి జవాబు చెప్పుకొందము.