శ్రీమతి కనుపర్తి వరలక్ష్మమ్మగారు

వరలక్ష్మమ్మగారు 1896వ సంవత్సరమున బాపట్లలో జన్మించిరి. ఆనాటి ఆచారము చొప్పున 1909లో, బాల్యముననే, వారికి వివాహమయ్యెను. గాంధీ దండకము మొదలగు పద్యరచనలు, కథలు, నవలలు వెలయించినను వారి కీర్తికి మూలము శారద లేఖలు. గృహలక్ష్మి పత్రికలో 1928 మొదలు కొన్నియేండ్లు, శారద యను పేర కల్పలత యను నెచ్చెలికి వ్రాసినట్లు వారు వ్రాసిన జాబులవి.

ఆడపిల్లల పెండ్లియీటిని పదునాలుగేండ్లుగా నిర్ణయించిన 1929 నాటి హరవిలాస్ శారదాగారి చట్టమును ఛాందసులు నిరసించుచుండగా, బాల్యవివాహ మెట్టిదో స్వయముగా నెరిగిన వీరు ఆ లేఖలలో దానిని సమర్థించిరి. ఉపన్యాసము సభామందిరమున ఆగిపోవును. చెలికత్తె జాబు వంటయింటిదాక పోవును. 1931లో బాపట్లయందు స్త్రీహితైషిణీ మండలిని స్థాపించి, వ్రాసినదానిని ఆచరణమున జూపిరి. 1978లో కీర్తిశేషులైరి.

గ్రంథాలయమునకు రాలేని ఇల్లాలి చేతికి అక్షరము నెట్లు చేర్పవలెనో వారి జీవితమే చెప్పుచున్నది.